ఊహాలోకములో ప్రశ్నోత్తర సభలు

గ్రామమునకు అధికారి వచ్చును. రావిచెట్టు క్రింద కుర్చీలు వేయుదురు. ఒక రైతు లేచి, చెరువు తూము ఎప్పుడు బాగుచేయింతురని అడుగును. అధికారి సావధానముగా విని "చూచెదము" అనును. సభ ముగియును, పూలదండలు వాడును, జీపు కదలిపోవును. మరుసటి యేడు వేరొక అధికారి వచ్చును. అదే రైతు లేచి అదే ప్రశ్న అడుగును. మూడవ యేట ఆ రైతు సభకు రాడు. జనము పలుచబడిరేమని అధికారులు ఆశ్చర్యపడుదురు. ఈ కథ మన శ్రోతలలో పలువు రెరిగినదే. మట్టియు, చెట్టును, చెరువును లేని ఒకానొక లోకములో సైతము ఇదే కథ జరుగుచుండుననియు, దానిని చక్కదిద్దు మార్గములు కలవనియు విన్నవించుటయే నేటి ప్రసంగమున నా యుద్దేశము.

ఆ లోకము పేరు 'సెకండ్ లైఫ్', అనగా రెండవ జీవితము. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో నగరమునందలి లిండెన్ ల్యాబ్ అను సంస్థ దానిని 2003వ సంవత్సరము జూను 23వ తేదీన ప్రజలకు తెరచెను. సంస్థను స్థాపించినవాడు ఫిలిప్ రోజ్‌డేల్. కంప్యూటరు తెరపై కనిపించు ఈ లోకమున ప్రతి మనిషికిని ఒక బొమ్మరూప ముండును. దానిని వారు 'అవతార్' అందురు. మన పురాణములలోని మాటయే సముద్రములు దాటిపోయి, క్రొత్త వేషమున మన యింటికి తిరిగివచ్చినది. సాధారణమైన ఆటలందువలె ఇందు గెలుపోటములు లేవు. ఇండ్లు, తోటలు, అంగళ్లు, నాట్యశాలలు అన్నియు నివాసులే నిర్మించుకొందురు. తాము చేసిన వస్తువులను అమ్ముకొందురు. అచ్చటి నాణెమునకు లిండెన్ డాలరని పేరు. దానిని నిజమైన డాలర్లుగా మార్చుకొనుటకు వీలున్నది. సంస్థ ఉద్యోగులకు ఆ లోకములో 'లిండెన్' అనునదే ఇంటిపేరు. కనుక పాలించువా రెవరో, పాలింపబడువా రెవరో చూచినంతనే తెలియును.

బొమ్మల లోకములో సభ లెందులకు, ప్రశ్న లెందులకు అని కొందరు నవ్వవచ్చును. కాని ఆ బొమ్మల వెనుక మనుష్యులున్నారు. వారు చెల్లించు అద్దె నిజమైనది. అచ్చట ఒక పూర్తి భూభాగము, అనగా 256 మీటర్ల పొడవును 256 మీటర్ల వెడల్పును గల చదరము, సొంతముగా ఉంచుకొనుటకు 2018 వరకు పెక్కేండ్లు నెలకు 295 అమెరికన్ డాలర్లు చెల్లింపవలసి యుండెను. దుస్తులు, గృహోపకరణములు రూపొందించి దానిపైననే జీవించువారును కలరు. అంతకంటె ముఖ్యమైన మాట యొకటి కలదు. మంచము విడువలేని రోగులు, నడవలేనివారు, చెవులు వినరానివారు నలుగురితో కలిసి మెలగుటకు ఈ లోకమును ఆశ్రయించియున్నారు. అట్టివారికి తోడ్పడుటకే 'వర్చువల్ ఎబిలిటీ' అను సేవాసంస్థ అచ్చట పనిచేయుచున్నది. ఇల్లు కదలలేని మనిషికి ఊరిసభ యనగా ఇదియే. ఆ సభలో అడిగిన ప్రశ్న గాలికి పోయినచో, అతనికి వేరొక రచ్చబండ లేదు.

ప్రజలు అడిగినందువలన ఆ లోకపు చరిత్ర మారిన సందర్భములు కలవు. 2003లో నివాసులు కట్టిన ప్రతి వస్తువుపైనను పన్ను ఉండెను. పదిమంది సంతోషమునకై పెద్ద కట్టడములు కట్టినవారికే అది భారమయ్యెను. వారు అమెరికా స్వాతంత్ర్య సమరమునాటి వేషములు ధరించి, తేయాకు పెట్టెల ఆకారములను గుట్టలుగా పోసి నిరసన తెలిపిరి. ఆ యేడు డిసెంబరు నాటికి ఆ పన్ను పోయెను. 2007లో వేలమంది నివాసులు ఒక బహిరంగ లేఖపై సంతకములు చేసిరి. క్రొత్త హంగులకంటె ముందు, సామానులు మాయమగుట, లోకము మాటిమాటికి స్తంభించుట వంటి లోపములను సవరింపుడని అందు కోరిరి. సంస్థ సాంకేతికాధిపతి కోరీ ఒండ్రెయ్‌కా దానికి బహిరంగముగానే సమాధానము వ్రాసెను.

2008 అక్టోబరులో జరిగినది మరియొక తీరు. 'ఓపెన్‌స్పేస్' అను తేలికరకపు భూభాగముల అద్దెను నెలకు 75 డాలర్లనుండి 125 డాలర్లకు పెంచుదుమని సంస్థ ప్రకటించెను. పాత ధరను నమ్మి కొనియున్నవారు మండిపడిరి. పిదప సంస్థ కొంత వెనుకకు తగ్గి, పెంపును విడతలుగా మార్చెను. ఇందు గమనింపదగినది ధర కాదు, క్రమము. మొదట నిర్ణయము, తరువాత ప్రశ్నలు. నిర్ణయము ముగిసిన పిమ్మట పెట్టు ప్రశ్నోత్తర సభ పరామర్శ వంటిదే. దుఃఖము కొంత తగ్గునేమో గాని, పోయినది తిరిగిరాదు.

ఇక సభల సంగతి. తొలియేండ్లలో లిండెన్ ఉద్యోగులు వారమున కొక గంట తమ తమ స్థలములలో కూర్చుండి వచ్చినవారితో ముచ్చటించెడివారు. వానికి 'ఆఫీసు గంటలు' అని పేరు. తరువాతి కాలమున వాని స్థానమున విషయమున కొకటిగా 'యూజర్ గ్రూపు'లు, అనగా వాడుకదారుల సమావేశములు, ఏర్పడినవి. ఉద్దేశము మంచిది. ఏ పెద్ద వ్యాపారసంస్థలోనైనను యంత్రము నడుపు ఇంజనీరును కొనుగోలుదారుడు ముఖాముఖి ప్రశ్నింపగలుగుట అరుదు. అయినను ఇట్టి సభలలో కూర్చున్నవానికి కొన్ని లోపములు తప్పక కనిపించును.

మొదటిది మాటల తొక్కిసలాట. అచ్చట సంభాషణ పెక్కు వేళల వ్రాతలో జరుగును. మామూలుగా పలికిన మాట 20 మీటర్ల మేరకే చేరును. అరచినచో 100 మీటర్లు పోవును. ఒకసారికి పంపదగినది సుమారు వేయి బైట్లు మాత్రమే. ఆంగ్లాక్షరమునకు ఒక బైటు చాలును. మన తెలుగులో ప్రతి అక్షరమునకును, గుణింతపు గుర్తునకును మూడేసి బైట్లు కావలెను. కనుక దీర్ఘమైన జవాబు ముక్కలు ముక్కలుగా వచ్చును. ఇంజనీరు మొదటి ప్రశ్నకు రెండవ ముక్క వ్రాయుచుండగనే ఐదుగురు ఐదు ప్రశ్నలు వేయుదురు. నడుమ ఇరువురు కుశలప్రశ్నలు జరుపుకొందురు. చివరకు ఏ జవాబు ఏ ప్రశ్నకో తెలియదు. వేగముగా వ్రాయువానిదే పైచేయి. నెమ్మదిగా ఆలోచించువాని ప్రశ్న మునిగిపోవును.

రెండవది చోటు చాలమి. ఒక్కొక్క భూభాగమును ఒక సర్వరు మోయుచుండును. పెద్ద భూభాగమునందైనను నూరుమంది చేరుసరికి హద్దు వచ్చును. అంతకు ముందే యంత్రము ఆయాసపడి, అడుగు తీసి అడుగు వేయుట కష్టమగును. దీనికి నివాసులు ఒక చక్కని ఉపాయము కనిపెట్టిరి. నాలుగు భూభాగములు కలియు మూలయందు సభాస్థలిని కట్టి, వేదికను సరిగా ఆ కూడలిపై నిలిపిరి. నాలుగు సర్వరులు బరువును పంచుకొనుటచే నాలుగింతల జనము చుట్టును కూర్చుండ గలిగిరి. మన చతుశ్శాల భవంతి మధ్య మండువావలె నున్నది కదా ఈ యేర్పాటు!

మూడవది అల్లరి. 2006 డిసెంబరులో, అచ్చట భూవ్యాపారముచే ప్రసిద్ధురాలైన ఆన్షీ చుంగ్‌తో సీనెట్ వార్తాసంస్థవారు సభాముఖమున ముచ్చటించుచుండగా, అల్లరిమూకలు అసభ్యమైన బొమ్మలను వేదికపై ఎగురవేసి సభను భంగపరచిరి. మరియొక చోటికి తరలినను అల్లరి మానలేదు. ఇట్టి ఘటనల పిదప, తలుపులు మూసి కొందరినే పిలుచుట మేలను బుద్ధి పుట్టుట సహజము. కాని అది రోగమునకు భయపడి భోజనము మానుటయే. క్రొత్త వస్తువులు సృష్టించు వీలును సభాస్థలమున నిలిపివేయుటకును, అల్లరివానిని వెలుపలికి పంపుటకును స్థలయజమానికి అధికారము కలదు. దానిని ముందుగా సిద్ధము చేసికొన్న చాలును.

నాల్గవది కాలము. కాలిఫోర్నియాలో మధ్యాహ్నము పండ్రెండు గంటలకు సభ పెట్టినచో లండనులో సాధారణముగా రాత్రి ఎనిమిది గంటలు. మన హైదరాబాదులో, విజయవాడలో వేసవియందు అర్ధరాత్రి దాటి పండ్రెండున్నర, చలికాలమున ఒంటిగంటన్నర. టోక్యోలో తెల్లవారుజామున నాలుగో, అయిదో. సంస్థవారి భోజనవేళ కొందరికి నిద్రవేళ. తలుపు తెరచియే యున్నదనిన చాలదు. తెరచిన వేళ ఎట్టిదో కూడ చూడవలెను.

ఈ లోపము లన్నియు కంటికి కనిపించునవి. కాని నా యభిప్రాయమున అసలు లోపము సభలో లేదు. అది సభకు ముందును, సభకు తరువాతను ఉన్నది. ప్రశ్నోత్తర సభ యొక్క విలువ ఆ గంటలో పలికిన మాటలనుబట్టి గాక, ప్రశ్న సభకు ఎట్లు చేరినది, సభ ముగిసిన పిదప దాని గతి యేమైనది అనుదానినిబట్టి తేలును. ఇందుకు మనదేశముననే రెండు మంచి ఉదాహరణములు కలవు.

మొదటిది మన లోక్‌సభ. అచ్చట ప్రశ్న యనునది అప్పటికప్పుడు లేచి అరచునది కాదు. మామూలుగా పదునైదు రోజుల ముందుగా నోటీసు ఈయవలెను. నోటిమాటగా జవాబు కోరు ప్రశ్నలకు నక్షత్రపు గుర్తు ఉండును. అట్టివి దినమునకు ఇరువది మాత్రమే. మిగిలినవానికి వ్రాతలో జవాబు వచ్చును. నక్షత్రపు ప్రశ్నపై అనుబంధ ప్రశ్నలు వేయవచ్చును గనుక మంత్రి మెలికలమాటతో తప్పుకొనుట కష్టము. అన్నింటికంటె గొప్ప యేర్పాటు మరియొకటి. మంత్రులు సభలో "పరిశీలింతుము", "త్వరలో తెలుపుదుము" అను మాటలు మరచిపోకుండుటకై 1953 డిసెంబరులో లోక్‌సభయందు ప్రభుత్వ హామీల సంఘమును నెలకొల్పిరి. ఇచ్చిన మాట నెరవేరినదా, ఎన్నాళ్లకు నెరవేరినది అని చూచుటయే దాని పని. మన గ్రామాధికారి "చూచెదము" అన్న మాటకు ఒక చిట్టా దొరికినదన్నమాట.

రెండవది రేడియోకు సంబంధించినదే. 1956లో ఆకాశవాణివారు యునెస్కో సహాయముతో పూనా కేంద్రమునుండి గ్రామీణ రేడియో గోష్ఠుల ప్రయోగము నడపిరి. సుమారు 150 గ్రామములలో చిన్న చిన్న బృందములు రేడియోచుట్టు చేరి కార్యక్రమమును వినుట, దానిపై చర్చించుట, తమ సందేహములను కేంద్రమునకు వ్రాసి పంపుట జరిగెను. కేంద్రమువారు తరువాతి ప్రసారములలో ఆ సందేహములకు జవాబులు చెప్పిరి. ప్రతి బృందమునకును చర్చను నడపుటకును, వ్రాతపని చూచుటకును మనుష్యు లుండిరి. ఒకరినొకరు చూడజాలని దూరమున నున్నవారి మధ్య ప్రశ్నయు జవాబును క్రమముగా నడచుటకు ఊహాలోకము కావలసిన పనిలేదనియు, వ్రాసికొను మనిషియు, మాట నిలుపుకొను కేంద్రమును ఉన్న చాలుననియు ఆ ప్రయోగము చూపినది.

ఈ రెండింటి సారమును ఆ లోకమునకు అన్వయించినచో సభలను బాగుచేయు పద్ధతి దానంతట అదే కనిపించును.

సభకు వారము ముందే ప్రశ్నలను వ్రాతమూలకముగా సేకరింపవలెను. ఒకే బాధను ఇరువదిమంది ఇరువది విధముల చెప్పిన, దానిని ఒక ప్రశ్నగా కూర్చి, ఎందరు అడిగిరో పక్కన వ్రాయవలెను. ఈ కూర్పు సంస్థ ఉద్యోగి చేతిలో నుండరాదు. నివాసులు ఎన్నుకొన్న ఇరువురు ముగ్గురు చేయవలెను. తనకు నచ్చని ప్రశ్నను తానే ఏరివేయు అధికారము జవాబుదారునకు ఉండకూడదు. విడిచిపెట్టిన ప్రశ్నల పట్టికను, విడుచుటకు కారణమును ప్రకటించినచో అనుమానమునకు తావుండదు. రాత్రివేళ మేలుకొనలేని దూరదేశస్థుని ప్రశ్నయు ఈ మార్గమున సభకు చేరును. ఇదిగాక, మూడు సభలలో ఒకటి వేరొక ఖండమునకు అనువైన వేళ పెట్టుట న్యాయము.

సభలో ప్రశ్న చదువువాడొకడు, జవాబు చెప్పువాడొకడు, వ్రాసికొనువాడొకడు ఉండవలెను. తన మాట పూర్తియైనదని తెలుపుటకు జవాబుదారుడు చివర ఒక గుర్తు పెట్టినచో తొక్కిసలాట సగము తగ్గును. ఆ గుర్తు వచ్చువరకు తక్కినవారు ఆగుదురు. తరువాత రెండు అనుబంధ ప్రశ్నలకు అవకాశ మీయవలెను. కుశలప్రశ్నలకు సభ ముగిసిన పిదప పావుగంట విడిగా ఉంచిన స్నేహధర్మమును చెడదు. 2007లో ఆ లోకమునకు కంఠధ్వనితో మాట్లాడు సౌకర్యము వచ్చెను. అది చూపులేనివారికి వరము. వినికిడి లేనివారికి గోడ. కనుక పలికిన ప్రతి మాటయు వ్రాతలోను, వ్రాసిన ప్రతి మాటయు పలుకులోను వినిపింపవలెను. వర్చువల్ ఎబిలిటీ వంటి సంస్థల సభలలో ఇట్టి వ్రాయసకాండ్రు పనిచేయుచునే యున్నారు. వచ్చువారు కూడ తమ అవతారములకు తగిలించుకొన్న బరువైన ఆభరణములను, యంత్రపు హంగులను విడిచి రావలెను. పెండ్లికి పోవునట్లు సింగారించుకొని పంచాయతీకి వచ్చినచో సర్వరు కుంగిపోవును.

జవాబులు మూడే మూడు రకములుగా నుండవలెను. "చేయుదుము, ఫలానా నాటికి" అనునది ఒకటి. "చేయము, కారణ మిది" అనునది రెండవది. "ఇప్పుడు తెలియదు, ఫలానా సభలో చెప్పుదుము" అనునది మూడవది. "చూచెదము" అను నాల్గవ జవాబును ఆ సభనుండి బహిష్కరింపవలెను. "చేయము" అని నిక్కముగా చెప్పుట మొరటుతన మనుకొందురు గాని, నివాసి అంగడి పెట్టుటయో మూయుటయో ఆ మాటపై ఆధారపడియుండును. తెలిసిన నిరాశతో మనిషి దారి మార్చుకొనగలడు; తెలియని ఆశ వానిని దారిలోనే నిలుపును.

సభ ముగిసిన పిదప చిట్టా యొకటి నడువవలెను. ప్రశ్న, ఇచ్చిన మాట, గడువు, నేటి స్థితి అను నాలుగు గడులు చాలును. అది అందరును చదువుకొనుటకు వీలుగా నుండవలెను. మరుసటి సభ క్రొత్త ప్రశ్నలతో గాక, ఆ చిట్టా చదువుటతో మొదలు కావలెను. ఉద్యోగి మారినను చిట్టా మారదు. క్రొత్తవాడు పాతవాని మాటకు వారసుడగును.

దీనికి సంస్థవారి పక్షమున కొన్ని ఆక్షేపణలు రాకపోవు. వ్యాపార రహస్యములు చెప్పలేము, అల్లరివారు దుర్వినియోగము చేయు లోపములను బయటపెట్టలేము, ఇంజనీర్లను సభలలో కూర్చుండబెట్టిన పని యెవరు చేయుదురు అని వారనవచ్చును. ఇందు సత్యము లేకపోలేదు. రహస్యమైనదానిని రహస్యమనియే చెప్పి చిట్టాలో అట్లే వ్రాయవచ్చును. అదియు ఒక జవాబే. ఇక కాలహరణమందురా, ఒకే ప్రశ్నకు పండ్రెండు సభలలో పండ్రెండుసార్లు తప్పుకొనుటకంటె ఒకసారి తిన్నగా జవాబు చెప్పుటకు తక్కువ కాలము పట్టును. నివాసులకును ధర్మము కలదు. జవాబు నచ్చలేదని జవాబు చెప్పినవానిపై విరుచుకుపడినచో, తరువాతి సభకు నిజము చెప్పు ఇంజనీరు రాడు, మెత్తగా మాట్లాడు ప్రచారకుడు వచ్చును. ఆ నష్టము నివాసులదే.

సభ బాగుపడినదో లేదో తెలిసికొనుటకు వచ్చిన అవతారములను లెక్కింప నక్కరలేదు. కిందటి సభలో మిగిలిన ప్రశ్నలలో ఈ సభనాటికి ఎన్ని తీరినవి అని లెక్కింపవలెను. అల్లరిగా నడచిన సభయైనను ఐదు ప్రశ్నలు తీర్చినచో అది మంచి సభ. పూలవాన కురిసి, చప్పట్లు మ్రోగి, ఒక్క ప్రశ్నయు తీరకపోయినచో అది ఉత్సవము మాత్రమే.

చెరువు తూము సంగతి అడిగిన రైతు మూడవ యేట సభకు రాలేదని మొదట మనవి చేసితిని. అతడు కోపముచే రాకపోవుట కాదు. అడుగుట వలన ప్రయోజనము లేదని నేర్చుకొనుటచే రాకపోవుట. ఊహాలోకములోనైనను, మన ఊరిలోనైనను, సభను చంపునది కోపించిన ప్రజ కాదు, అడుగుట మానుకొన్న ప్రజ. కోపించినవాడు ఇంకను నమ్మియున్నాడు. ఆ నమ్మకము చల్లారకముందే చిట్టా తెరచి, "కిందటిసారి మీరడిగినది ఇది, మేము చేసినది ఇది" అని చెప్పగల పాలకుని యెదుటకు రైతు నాలుగవ యేట తప్పక వచ్చును. వచ్చునపుడు పొరుగువానిని కూడ వెంటబెట్టుకొని వచ్చును.